ఫ్రిజ్ చప్పుడు చేస్తోందా? ముందు వినండి

పగలంతా మనకు పట్టని శబ్దాలు కొన్ని రాత్రివేళ పెద్దవవుతాయి. నాంపల్లి స్టేషనుకు కాలినడకన చేరగలిగే దూరంలో, ఒక ఇరుకు సందులోని రెండో అంతస్తులో మేము నివసిస్తున్నాము. ఆటోల హారన్లు, బస్సుల రొద, జనవరి, ఫిబ్రవరి నెలల్లోనైతే నుమాయిష్‌కు తరలివచ్చే జనసందోహం. ఇన్నింటి మధ్య వంటింటి మూలన నిలిచిన ఫ్రిజ్ గొంతు మాకు ఎన్నడూ వినిపించలేదు. గత వేసవిలో ఒక రాత్రి, ఇషా నమాజు ముగిసి, దుకాణాల షట్టర్లు మూతపడి, సందు సద్దుమణిగిన తరువాత, అది హఠాత్తుగా వినిపించింది. మొదట గుర్రుమనే శబ్దం. దానిపైన సన్నని గలగల. ఆగేటప్పుడు పెట్టె మొత్తం వణికినట్లు ఒక దడ.

ఆ ఫ్రిజ్‌లో పాలు, కూరలు, మామిడిపళ్ళు మాత్రమే ఉన్నట్లయితే మేము అంతగా కలవరపడేవారము కాదు. అందులో మా అమ్మీ వాడే ఇన్సులిన్ ఉన్నది. తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య భద్రపరచాలి. వేడెక్కినా దాని గుణం చెడుతుంది, గడ్డకట్టినా పనికిరాదు. బయట ఎండ 40 డిగ్రీలు దాటుతున్న రోజులవి. ఆ రాత్రి మేము రెండుసార్లు లేచి, ఫ్రిజ్ తలుపు తెరిచి, లోపల చేయి పెట్టి చూశాము.

మరునాటి ఉదయం దగ్గరలోని ఒక దుకాణం నుంచి మెకానిక్‌ను పిలిపించాము. ఆయన ఏ భాగమూ విప్పలేదు, ఏ పరికరమూ తీయలేదు. ఒక్క నిమిషం నిలబడి విని, "కంప్రెసర్ పోయింది సార్. మారిస్తే తొమ్మిది వేలు అవుతుంది. దానికంటే కొత్తది కొనుక్కోండి" అని తీర్పు చెప్పి వెళ్ళిపోయాడు. సాయంత్రం అబిడ్స్‌కు నడిచి వెళ్ళి, దుకాణాల అద్దాల వెనుక వరుసగా నిలిచిన కొత్త ఫ్రిజ్‌ల ధరలు చూసుకుంటూ నిలబడ్డాము. పిల్లల బడి ఫీజు కట్టవలసిన నెల అది. రెండు ఖర్చులలో ఒకటి వాయిదా పడక తప్పదని లెక్క తేలింది.

ఇంటికి తిరిగివస్తుండగా మెట్ల మీద పక్కింటి ఆపా ఎదురయ్యారు. ఎంతో మొహమాటంగా, "భాయీ, రాత్రిపూట మా గోడకు ఏదో కొట్టుకుంటున్నట్లు వినిపిస్తోంది. పసిపాప ఉలిక్కిపడి లేస్తోంది. మీ ఇంట్లో ఏమైనా పని జరుగుతోందా?" అని అడిగారు. అప్పటివరకు అది మా ఇంటి ఖర్చుకు సంబంధించిన విషయమనే అనుకున్నాము. పొరుగువారి నిద్రకు సంబంధించిన విషయం కూడా అని అప్పుడు తెలిసింది. పొరుగువారి హక్కు ఎంతటిదో ఈ పత్రిక పాఠకులకు వేరుగా చెప్పనవసరం లేదు.

విని చూసిన పెద్దాయన

మసీదులో పరిచయమున్న ఒక మిత్రుడు అబిడ్స్ వెనుక సందులో పనిచేసే ఒక పెద్దాయనను గురించి చెప్పాడు. ఆల్విన్ ఫ్రిజ్‌ల కాలం నుంచి ఆయన చేతులకు ఇదే పని. మరుసటి రోజు అస్ర్ తరువాత వచ్చారు. సంచి కింద పెట్టి, "ముందు వింటాను బాబూ, తరువాత చూస్తాను" అన్నారు. కుర్చీ వేసుకుని పావుగంట కూర్చున్నారు. అది మొదలైనప్పుడు, నడుస్తున్నప్పుడు, ఆగినప్పుడు మూడుసార్లూ విన్నారు. తరువాత అరచేతిని ఫ్రిజ్ పైభాగాన, పక్కన, తలుపు మీద ఒక్కొక్కచోట నొక్కి చూశారు. నొక్కినచోట గలగల ఆగుతోంది, చేయి తీస్తే మళ్ళీ వస్తోంది.

ఫ్రిజ్‌ను ముందుకు లాగించారు. వెనుక ఉన్న నల్లని జాలీ ఒకచోట గోడకు ఆనుకుని ఉన్నది. పొరుగింటి గోడకు కొట్టుకుంటున్నది అదే. ముందు కాళ్ళలో ఒకటి నేలకు ఆనడం లేదు. కంప్రెసర్‌పై నీరు చేరే ప్లాస్టిక్ ట్రే తన చోటు నుంచి జారి ఉన్నది. ఫ్రిజ్ పైన మేమే పెట్టిన స్టీలు డబ్బాలు ఒకదానికొకటి తగిలి మోగుతున్నాయి. కంప్రెసర్ కింద ఉండే నాలుగు రబ్బరు బుష్‌లలో రెండు రాయిలా గట్టిపడి ఉన్నాయి. ఆయన బుష్‌లు మార్చి, ట్రేను సర్ది, కాలును తిప్పి సమం చేసి, జాలీకి పట్టిన దుమ్మును బ్రష్‌తో దులిపి, ఫ్రిజ్‌ను గోడకు దూరంగా నిలబెట్టారు. బుష్‌ల ఖరీదుతో కలిపి నాలుగు వందల యాభై రూపాయలు తీసుకున్నారు. వెళ్ళేముందు ఒక మాట అన్నారు: "చప్పుడు చేసే ఫ్రిజ్‌ను చూసి భయపడకండి. చల్లదనం తగ్గిన ఫ్రిజ్‌ను చూసి భయపడండి."

తొమ్మిది వేలకూ నాలుగు వందల యాభైకీ మధ్య ఉన్న తేడా, విన్నవానికీ విననివానికీ మధ్య ఉన్న తేడాయే. ఆ పెద్దాయన వివరించినదాన్ని, తరువాత మేము చదివి సరిచూసుకున్నదాన్ని కలిపి పాఠకుల ముందు ఉంచుతున్నాము.

శబ్దం ఎక్కడ నుంచి పుడుతుంది?

అబిడ్స్ నుంచి నాంపల్లికి వచ్చే దారిలో, 1935లో కట్టిన మోజంజాహీ మార్కెట్ ఉన్నది. అక్కడి ఐస్‌క్రీం దుకాణాలు నగరమంతటా ప్రసిద్ధి. మంచుగడ్డ, ఉప్పు కలిపి నింపిన పీపాలో పాల డబ్బాను చేత్తో గిరగిర తిప్పే పాత పద్ధతిని చూసినవారికి ఒక సంగతి తెలుస్తుంది. చల్లదనం ఊరికే రాదు. పాలలోని వేడిని బయటకు లాగడానికి ఎవరో ఒకరు శ్రమించాలి. ఇంట్లో ఆ శ్రమను ఫ్రిజ్ చేస్తుంది. శ్రమించే యంత్రానికి శబ్దం సహజం.

ఫ్రిజ్ చలిని తయారుచేయదు. లోపలి వేడిని మోసుకువచ్చి బయట వదులుతుంది. వెనుక అడుగున, నల్లని ఇనుప గుండువంటి డబ్బాలో కంప్రెసర్ ఉంటుంది. దానిలోని మోటారు, పిస్టన్ స్ప్రింగుల మీద నిలిచి ఉంటాయి. కంప్రెసర్ గ్యాస్‌ను ఒత్తిడితో నెట్టగానే అది వేడెక్కి, వెనుక జాలీలోనో పక్కగోడల లోపలి గొట్టాలలోనో ప్రవహిస్తూ చల్లబడి ద్రవంగా మారుతుంది. ఆ ద్రవం సన్నని గొట్టం గుండా ఫ్రీజర్ వైపు వెళ్ళి, అక్కడ ఒత్తిడి తగ్గడంతో మరిగి ఆవిరవుతూ చుట్టూ ఉన్న వేడిని పీల్చుకుంటుంది. మళ్ళీ కంప్రెసర్‌కు చేరుతుంది. ఈ ప్రయాణంలో ప్రతి మలుపుకూ ఒక శబ్దం ఉన్నది.

మన ఇళ్ళకు వచ్చే కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు చేస్తుంది. ఒక్కొక్క ఆవృత్తిలో మోటారులోని అయస్కాంత బలం రెండుసార్లు పెరిగి తగ్గుతుంది. అందువల్ల సెకనుకు 100 సార్లు కంపించే సన్నని గుర్రుమనే శబ్దం పుడుతుంది. స్టెబిలైజర్ నుంచి వచ్చేదీ ఇటువంటి శబ్దమే. చాలా ఇళ్ళలో స్టెబిలైజర్ చేసే గుర్రునూ, టక్కుటక్కునూ ఫ్రిజ్‌కు అంటగడుతుంటారు. ముందు చెవి దానివైపు పెట్టి చూడండి.

"పాత ఫ్రిజ్‌లు ఇంతగా మోగేవి కావు" అని పెద్దలు అనడం వింటుంటాము. ఆ మాటలో కొంత నిజం ఉన్నది. 1942లో నెలకొన్న హైదరాబాద్ ఆల్విన్ సంస్థ ఫ్రిజ్‌లు ఒకప్పుడు తెలుగు ఇళ్ళలో కనిపించేవి. 1990 దశకంలో ఆ విభాగం వోల్టాస్ చేతికి వెళ్ళింది. ఆనాటి ఒంటి తలుపు ఫ్రిజ్‌లలో ఫ్యాన్ ఉండేది కాదు. కంప్రెసర్ కాసేపు గట్టిగా నడిచి పూర్తిగా ఆగేది. ఆగినంతసేపు నిశ్శబ్దమే. నేటి ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లలో చల్లగాలిని పంచే ఫ్యాన్ ఉంటుంది, మంచును కరిగించే హీటర్ ఉంటుంది. ఇన్వర్టర్ కంప్రెసర్ ఉన్నవి తమ వేగాన్ని పెంచుకుంటూ తగ్గించుకుంటూ ఎక్కువసేపు నడుస్తాయి. కాబట్టి కొత్త ఫ్రిజ్ "ఆగకుండా నడుస్తోంది" అని, "గొంతు మారుస్తోంది" అని దిగులుపడనక్కరలేదు. దాని పద్ధతే అది.

శబ్దం లేని ఫ్రిజ్ కోసం మహామేధావులే తంటాలు పడ్డారు. 1920 దశకంలో ఫ్రిజ్‌లలో విషవాయువులు వాడేవారు. అవి కారి ప్రాణాలు పోయిన సందర్భాలు ఉండేవి. అది చూసి ఆల్బర్ట్ ఐన్‌స్టీన్, లియో సిలార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కదిలే భాగాలు లేని ఫ్రిజ్‌లకు రూపకల్పన చేశారు. వాటిలో ఒకదానిలో పిస్టన్‌కు బదులు విద్యుదయస్కాంత బలంతో ద్రవలోహాన్ని నెట్టే పంపు ఉండేది. బెర్లిన్‌లోని ఏఈజీ సంస్థలో దాన్ని నడిపి చూసినప్పుడు ఎదురైన పెద్ద ఇబ్బందులలో ఒకటి దాని గోలయే. అది ఇళ్ళకు చేరనేలేదు.

భయపడనక్కరలేని శబ్దాలు

బుడబుడ, సుస్సు: సన్నని గొట్టం నుంచి ద్రవం ఫ్రీజర్‌లోకి చేరేటప్పుడు, కంప్రెసర్ ఆగిన తరువాత రెండువైపులా ఒత్తిడి సమమయ్యేటప్పుడు ఈ శబ్దాలు వస్తాయి. ఎక్కడో నీరు పారుతున్నట్లు తోస్తుంది. గ్యాస్ కారుతున్నదని కంగారుపడవద్దు.

పటుక్కుమనే శబ్దం: లోపలి ప్లాస్టిక్ గోడలు చల్లబడి ముడుచుకుంటాయి, తలుపు తెరిచినప్పుడు వేడెక్కి సాగుతాయి. ఆ సర్దుబాటే ఈ పటుకు.

చుయ్‌మనే శబ్దం: ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లో మంచును కరిగించే సమయాన నీటిచుక్క వేడి హీటర్‌పై పడితే పెనం మీద నీళ్ళు చిలికినట్లు వినిపిస్తుంది.

ఒక్క టక్కు: చల్లదనం చాలినప్పుడు కంప్రెసర్ ఆగడానికి, తగ్గినప్పుడు మొదలవడానికి ఒక్కొక్క టక్కు. ఇది ఆరోగ్య లక్షణమే.

రాత్రివేళ ఇవన్నీ పెద్దగా వినిపించడానికి ముఖ్య కారణం చుట్టూ ఉన్న రొద తగ్గడమే. బజారు మూతపడగానే మన చెవికి ఇల్లు వినిపించడం మొదలవుతుంది.

మనమే సరిచేసుకోగలిగినవి

గలగల, దడదడ, కంపనం వంటివి చాలావరకు ఫ్రిజ్ నిలబడిన తీరు వల్ల వచ్చేవే. మెకానిక్‌ను పిలిచేముందు ఈ పరీక్షలు చేసుకోవచ్చు.

ఫ్రిజ్ పైన ఉన్న డబ్బాలు, పళ్ళెములు, స్టెబిలైజర్ అన్నీ దించి వినండి. లోపల ఒకదానికొకటి ఆనుకున్న గాజు సీసాలను విడదీసి వినండి. పెట్టె మూలలను నొక్కి ఊపండి. ఊగితే ముందు కాళ్ళను తిప్పి సమం చేయండి. ముందు భాగం వెనుకకంటే పిసరంత ఎత్తుగా ఉంటే తలుపు దానంతట అదే మూసుకుంటుంది.

వెనుక కనీసం నాలుగు వేళ్ళ వెడల్పు, పక్కలా పైనా కొంత ఖాళీ ఉంచండి. మన ఇరుకు వంటిళ్ళలో ఫ్రిజ్‌ను గోడల మధ్య ఇరికించి, పక్కనే పొయ్యి పెడుతుంటాము. బయట వదలవలసిన వేడికి దారి దొరకనప్పుడు కంప్రెసర్ మరింతసేపు, మరింత వేడితో నడుస్తుంది. శబ్దమూ పెరుగుతుంది, కరెంటు బిల్లూ పెరుగుతుంది. వెనుక జాలీ ఉన్న ఫ్రిజ్ అయితే మూడు నాలుగు నెలలకు ఒకసారి ప్లగ్ తీసి, దుమ్ము దులపండి.

తలుపు రబ్బరును ఒక కాగితంతో పరీక్షించవచ్చు. కాగితాన్ని మధ్యన ఉంచి తలుపు మూసి లాగండి. బిగుతుగా రావాలి. సునాయాసంగా జారివస్తే అక్కడ నుంచి వేడిగాలి లోపలికి పోతున్నదన్నమాట. చాలాసార్లు రబ్బరు పాడవదు, జిడ్డు పట్టి ఉంటుంది. గోరువెచ్చని సబ్బునీటితో తుడిస్తే సరిపోతుంది.

బక్రీద్ రోజులను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. కోసిన వెంటనే, వెచ్చదనం తగ్గకముందే కిలోలకొద్దీ మాంసాన్ని ఒక్కసారిగా ఫ్రీజర్‌లో కుక్కడం మన ఇళ్ళలో సాధారణం. అప్పుడు కంప్రెసర్ గంటల తరబడి ఆగకుండా నడుస్తుంది. గాలి తిరిగే దారి మూసుకుపోయి మధ్యలోని మాంసం ఆలస్యంగా చల్లబడుతుంది. చిన్న చిన్న పొట్లాలుగా చేసి, పలుచగా పరచి, విడతలవారీగా పెట్టడం యంత్రానికీ మంచిది, తినేవారికీ మంచిది. పంచవలసిన భాగాన్ని ఆలస్యం చేయకుండా పంచివేస్తే ఫ్రీజర్‌కు ఆ భారమూ ఉండదు. రమజానులో ఇఫ్తార్ ముందు ఇంటిల్లిపాదీ పదేపదే తలుపు తెరిచే అలవాటు కూడా ఇటువంటి శ్రమనే పెంచుతుంది.

మెకానిక్‌ను పిలవవలసినవి

ఫ్రీజర్ లోపల గీరుతున్నట్లు, రెక్క దేనికో తగులుతున్నట్లు శబ్దం వచ్చి, తలుపు తెరవగానే ఆగితే, ఫ్యాన్ చుట్టూ మంచు పేరుకున్నదని అర్థం చేసుకోవాలి. సామాను తీసి, ప్లగ్ లాగి, తలుపు తెరిచి ఒక రాత్రంతా కరగనివ్వండి. శబ్దం పోయి, మళ్ళీ కొన్ని వారాలకే వస్తే మంచు కరిగించే హీటర్‌లోనో, సెన్సార్‌లోనో, నీరు పోయే గొట్టంలోనో లోపం ఉన్నది. ఇది మెకానిక్ చూడవలసిన పని.

మంచును కత్తితోనో, స్క్రూడ్రైవర్‌తోనో ఎన్నడూ గీకవద్దు. ఓజోన్ పొరను కాపాడేందుకు 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందం తరువాత పాత ఆర్-12 గ్యాస్ వాడుక తొలగింది. నేటి కొత్త ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఆర్-600ఎ అనే ఐసోబ్యూటేన్ వాడుతున్నారు. అది కొద్దిపాటి గ్రాములే ఉంటుంది కానీ మండే గుణం కలది. వంటగ్యాస్ వలె ఘాటైన వాసనతో హెచ్చరించదు. గొట్టానికి కన్నం పడి సుస్సుమన్నట్లయితే నిప్పు వెలిగించకుండా, ఏ స్విచ్‌నూ తాకకుండా కిటికీలు తెరిచి బయటకు రావాలి. ఏ గ్యాస్ ఉన్నదో ఫ్రిజ్ మీది చీటీలో రాసి ఉంటుంది.

టక్కుమని మొదలై, కొన్ని సెకన్లు గుర్రుమని, మళ్ళీ టక్కుమని ఆగిపోవడం, కొన్ని నిమిషాలకొకసారి ఇదే తంతు: ఇది పట్టించుకోవలసిన శబ్దం. కంప్రెసర్ లేవబోతోంది, లేవలేకపోతోంది. మోటారు కాలిపోకుండా రక్షణ పరికరం దాన్ని ఆపుతోంది. వోల్టేజి తక్కువ కావచ్చు, రిలే చెడిపోయి ఉండవచ్చు, కెపాసిటర్ పోయి ఉండవచ్చు, కంప్రెసరే బిగుసుకుపోయి ఉండవచ్చు. మొదటి మూడింటి ఖర్చు వందల్లో ఉంటుంది, చివరిదాని ఖర్చు వేలల్లో ఉంటుంది. కాబట్టి "కంప్రెసర్ పోయింది" అన్న మాట వినగానే, "రిలే, కెపాసిటర్ పరీక్షించారా?" అని మర్యాదగా అడగండి.

కంప్రెసర్ ఆగకుండా నడుస్తూ, లోపల చల్లదనం తగ్గుతూ ఉంటే గ్యాస్ తగ్గి ఉండవచ్చు. ఇక్కడ ఒక నిజం గుర్తుంచుకోవాలి. ఫ్రిజ్‌లోని గ్యాస్ పొయ్యి గ్యాస్ వలె వాడకంతో అయిపోయేది కాదు. మూసి ఉన్న గొట్టాలలో అదే గ్యాస్ ఏళ్ళ తరబడి తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నదన్నమాట. కారే చోటును మూయకుండా గ్యాస్ నింపించడం చిల్లికుండలో నీళ్ళు పోయించడమే.

కరెంటు పోయి వచ్చిన వెంటనే కంప్రెసర్ లేవలేక మొరాయించడం కూడా సహజమే. లోపలి ఒత్తిడి సమం కావడానికి మూడు నుంచి ఐదు నిమిషాలు పడుతుంది. స్టెబిలైజర్ ఆలస్యంగా కరెంటు ఇవ్వడం ఇందుకే. స్టెబిలైజర్ లేనివారు స్విచ్ ఆపి, ఐదు నిమిషాలు ఆగి వేయాలి.

నిశ్శబ్దాన్ని కూడా వినాలి

పెద్దాయన చెప్పిన మాటకు ఇక్కడ తిరిగి వస్తున్నాము. చప్పుడు చేసే ఫ్రిజ్ తన సంగతి తానే చెప్పుకుంటుంది. ఏ చప్పుడూ లేకుండా ఆగిపోయిన ఫ్రిజ్ ఏమీ చెప్పదు. లోపలి బల్బు వెలుగుతూనే ఉంటుంది, మనం బాగానే ఉన్నదనుకుంటాము. ఫ్రిజ్ అరలో 4 డిగ్రీలు లేదా అంతకు కొంచెం తక్కువ, ఫ్రీజర్‌లో సున్నాకు కింద 18 డిగ్రీలు ఉండాలి. చిన్న థర్మామీటర్ ఒకటి లోపల ఉంచుకుంటే చెవి మీద భారం ఉండదు. ఫ్రిజ్ ఆగిపోయినా తలుపు తెరవకుండా ఉంటే దాదాపు నాలుగు గంటలపాటు లోపలి ఆహారం చల్లగా నిలుస్తుంది. ఆ తరువాత పాలు, మాంసం, వండిన కూరల విషయంలో జాగ్రత్త వహించాలి.

ఇంట్లో ఇన్సులిన్ వాడేవారు ఉంటే దాన్ని తలుపు అరలో కాకుండా, ఫ్రీజర్‌కు దూరంగా మధ్య అరలో ఉంచండి. తలుపు అర పదేపదే వేడిగాలికి గురవుతుంది. మేము చేసిన పొరపాటు అదే. ఫ్రిజ్ చెడిపోయిన రోజున మందును ఎక్కడ ఉంచాలో ముందుగానే వైద్యుణ్ణి అడిగి తెలుసుకోండి, పొరుగున ఒక ఇంటివారితో మాట అనుకుని ఉండండి.

పొరుగింటి గోడ

2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు 45 డెసిబెల్స్ పరిమితి. ఇది బయటి వాతావరణానికి సంబంధించిన లెక్క. సజావుగా ఉన్న ఇంటి ఫ్రిజ్ సాధారణంగా ఇంతకంటే తక్కువగానే మోగుతుంది. కానీ గోడకు ఆనుకున్న ఫ్రిజ్ విషయం వేరు. దాని వణుకు గాలిలో కాక ఇటుకలలో ప్రయాణించి, అవతలి గదిలో పడుకున్నవారి దిండు దగ్గర తేలుతుంది. మన చెవికి చిన్నదిగా తోచేది అవతల పెద్దది కావచ్చు. ఉమ్మడి గోడ ఉన్న ఇళ్ళలో ఫ్రిజ్‌ను సాధ్యమైతే మరో గోడ వైపు నిలపండి. కుదరకపోతే ఖాళీ వదలండి, కాళ్ళ కింద గట్టి రబ్బరు ముక్కలు వేయండి. పొరుగువారు మెట్ల మీద మొహమాటంతో అడిగేవరకు ఆగనవసరం లేదు. "మా ఫ్రిజ్ చప్పుడు మీకు వినిపిస్తోందా?" అని మనమే ఒకసారి అడగవచ్చు.

మెకానిక్‌తో వ్యవహారం

మొదటి మెకానిక్ మమ్మల్ని మోసగించాలనుకున్నాడో, పరీక్షించే ఓపిక లేకపోయిందో మాకు తెలియదు. ఆయన మీద నింద వేయడం మా ఉద్దేశం కాదు. అయితే తెలియనివాని ముందు తెలిసినవాడు చెప్పే మాట ఒక అమానత్ వంటిది. తూనికలో మోసం ఎంతటి తప్పో, చూడకుండా "పోయింది" అని చెప్పడమూ అంతటి తప్పే. తక్కెడ కనిపిస్తుంది, ఈ మోసం కనిపించదు. అంతే తేడా.

మన వైపు నుంచీ కొన్ని బాధ్యతలు ఉన్నాయి. మెకానిక్ రాకముందే శబ్దం ఎప్పుడు వస్తోంది, ఎంతసేపు ఉంటోంది, చల్లదనం తగ్గిందా లేదా అన్నది గమనించి ఉంచండి. వీలైతే ఫోనులో రికార్డు చేయండి. ఎందుకంటే మెకానిక్ వచ్చిన వేళకు ఫ్రిజ్ మౌనం వహించడం పరిపాటి. వారంటీ కాగితాలు తీసి చూడండి. కంప్రెసర్‌కు మిగిలిన భాగాలకంటే ఎక్కువ కాలం వారంటీ ఇవ్వడం సాధారణం. మార్చిన పాత భాగాన్ని చూపమనండి, బిల్లు రాయించుకోండి. పెద్ద ఖర్చు చెప్పినప్పుడు మరొకరి అభిప్రాయం తీసుకోండి. అన్యాయం జరిగిందని తోస్తే 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రంలో ఫిర్యాదు చెప్పుకోవచ్చు. మరమ్మతు కూడా 2019 వినియోగదారుల రక్షణ చట్టం కిందకు వచ్చే సేవయే.

ఏమీ మార్చకుండా, కాలు సమం చేసి వెళ్ళే నిజాయితీపరుని విషయంలో మనం న్యాయంగా ఉంటున్నామా అన్నది కూడా ఆలోచించాలి. "ఐదు నిమిషాల పనికి ఇంత డబ్బా?" అని బేరమాడేది మనమే. భాగం మార్చినవానికి వేలు ఇచ్చి, భాగం మార్చనవసరం లేదని చెప్పినవానికి యాభై ఇవ్వడానికి వెనకాడితే, రేపు ఆయన కూడా భాగం మార్చడమే నేర్చుకుంటాడు. మనం ఆయనకు చెల్లించవలసింది ఐదు నిమిషాలకు కాదు. ఏళ్ళ తరబడి విన్న చెవికి, మనకు మిగిల్చిన వేల రూపాయలకు.

మా ఇంట్లో ఆ ఫ్రిజ్ ఇప్పటికీ నడుస్తోంది. రాత్రి సందు సద్దుమణిగాక సన్నగా గుర్రుమంటుంది. పక్కింటి ఆపాను అడిగితే పాప హాయిగా పడుకుంటోందన్నారు. అమ్మీ మాత్రం కొన్నాళ్ళపాటు సహరీ వేళ లేచినా, తహజ్జుద్‌కు లేచినా వంటింటి వైపు చూసి అడిగేది: "అది నడుస్తోందా నాయనా?"

"నడుస్తోంది అమ్మీ, వినిపించడం లేదూ?" అనేవాళ్ళము. ఆ శబ్దం వింటూనే ఆమె నిశ్చింతగా మళ్ళీ పడుకునేది.